వడ్డించే ఆవిడ ముఖం

ముప్ఫై ఎనిమిదేళ్ళలో దువీలియో తన తిండిబండి మూసింది నాలుగే సార్లు. తండ్రి పోయినప్పుడు, తల్లి పోయినప్పుడు, కూతురి పెళ్ళికి, తనకి పిత్తాశయం కోసినప్పుడు. ఐదోసారి ఈ గురువారం. రేకు తలుపు దించి, "ఈ రోజు లేదు" అని రాసిన అట్టముక్క దారంతో కడుతుంటే ఎదురు కొట్టు చేపలావిడ పరిగెత్తుకొచ్చింది.

"అయ్యయ్యో, ఎవరు పోయారు?"

"ఎవరూ పోలేదమ్మా. మా ఆవిడా నేనూ ఊరు చూడ్డానికి వెళ్తున్నాం."

"ఏ ఊరు?"

"ఈ ఊరే."

చేపలావిడ అతన్ని ఎగాదిగా చూసింది. ఫ్లోరెన్స్‌లో పుట్టినవాళ్ళు ఫ్లోరెన్స్ చూడరు. సముద్రాలు దాటొచ్చిన జనం ఎండలో బారులు తీరి, మెడలు నొప్పెట్టేదాకా గోడలూ కప్పులూ చూసి పోతుంటే, ఊళ్ళోవాళ్ళు వాళ్ళని విసుక్కుంటూ దారి చేసుకుని పనికి పోతారు. ఎక్కడికి పోతుందిలే, ఐదొందల ఏళ్ళుగా ఉన్న బొమ్మ, వచ్చే ఆదివారం చూద్దాం అనుకుంటారు. ఆ ఆదివారం ఎవరికీ రాదు. ఇది ఈ ఊరికి పట్టిన జబ్బు. దువీలియోకి అందరికంటే కాస్త ఎక్కువే పట్టింది.

నోర్మా మూల మీద నిలబడి ఉంది. నీలం కోటు వేసుకుంది, మెడకి పట్టు రుమాలు కట్టుకుంది. మొగుడు దగ్గరికి రాగానే తల కొంచెం పక్కకి తిప్పి, అతని భుజం అవతలి గోడ వైపు చూసింది. ఆవిడ మనిషిని చూసే పద్ధతి ఇప్పుడు అదే. రెండు కళ్ళలోనూ చూపు నడిమి భాగం కరిగిపోతోంది. దేన్ని సూటిగా చూస్తే అది మాయమవుతుంది, దాని పక్కనున్నది మిగులుతుంది. ముందు పోయేవి ముఖాలూ అక్షరాలూ అని జూలైలోనే డాక్టరు చెప్పాడు. సూదిమందు పొడుస్తున్నా రెండో కన్ను కూడా క్రిస్మస్ దాకా నిలిస్తే గొప్పేనన్నాడు. అది విన్న సాయంత్రం నోర్మా ఏడవలేదు. ఒక్క రోజు తనకివ్వమని అడిగింది.

"బయటివాళ్ళు తిరుగుతారు చూడు, అలా తిరగాలి. కూర్చుని బాగా తినాలి. ఆఖర్న మా అమ్మని చూడాలి. అంతే."

అమ్మ అంటే సాన్ ప్రొకోపియో గుడి గోడ మీది బొమ్మ. పెళ్ళి విందు జరుగుతుంటుంది. పెళ్ళికూతురి వెనక, స్తంభం పక్కన, పళ్ళెం పట్టుకుని వడ్డించే ఆవిడ ఒకతె ఉంటుంది. ఆ ముఖం అచ్చు అస్సుంతా ముఖమేనని వీధంతా అనేది. అస్సుంతా నోర్మా తల్లి. అరవై ఆరు నవంబరు వరదలో ఆర్నో నది ఇంటి కింది అంతస్తులోకి వచ్చి, సొరుగులోని ఫోటోలన్నిటినీ బురదా నూనే కలిపి ముద్ద చేసి పోయింది. ఆ చలికాలమే అస్సుంతా కూడా ఊపిరితిత్తుల జబ్బుతో పోయింది. నోర్మాకి తొమ్మిదేళ్ళు. తల్లి బొమ్మ అంటూ కాగితం ముక్క మిగల్లేదు. అమ్మమ్మ ప్రతి ఆదివారం గుడికి తీసుకెళ్ళి, పిల్లని స్తంభం దగ్గర నిలబెట్టి, "అదుగో, మీ అమ్మ. దణ్ణం పెట్టు" అనేది. నోర్మా ఆఖరుసారి వెళ్ళింది పెళ్ళినాడు. ఆ తర్వాత బండి, కూతురు, పొద్దున్నే కడగాల్సిన పేగులు, కోయాల్సిన రొట్టెలు. గుడి తెరిచేది పదింటి నుంచి పన్నెండు దాకా, బండి దగ్గర జనం విరగబడే వేళ. ఏడాదికోసారి ఆవిడ అడిగేది. "ఆదివారం వెళ్దాంలే" అని దువీలియో అనేవాడు. ఆవిడ కూడా "సరేలే, ఎక్కడికి పోతుంది" అనేది. నడిస్తే పది నిమిషాల దూరం.

వడ్డించే ఆవిడకి ఇప్పుడు ముఖం లేదు. ఆ సంగతి దువీలియోకి తెలుసు. నోర్మాకి తెలియదు.

ముందు కాఫీ తాగారు. ఊళ్ళోవాళ్ళు కాఫీ నిలబడి రెండు గుటకల్లో తాగి పోతారు, కూర్చునేది పరాయివాళ్ళే. నోర్మా బల్ల దగ్గర కుర్చీ లాక్కుని కూర్చుంది. కాఫీ పోసే అతను బెంబేలెత్తి వచ్చాడు.

"ఏమ్మా, కాళ్ళు నొప్పులా?"

"కాదయ్యా. ఈ రోజు మేం పరాయివాళ్ళం. నీళ్ళ గ్లాసు కూడా తీసుకురా, చిన్న పళ్ళెంలో బిస్కట్టు కూడా పెట్టుకు రా. రోజూ వాళ్ళకి పెడతావుగా."

తర్వాత పెద్ద గుడి ముందున్న చౌకు దగ్గరికి నడిచారు. పెద్ద గుమ్మటం కింద నోర్మా చాలాసేపు నిలబడింది. "సూటిగా చూస్తే గుమ్మటం లేదయ్యా" అంది. "పక్కనున్న మబ్బుని చూస్తే ఉంది. ఎర్రగా, ఎంత ఉందో! ఇన్నాళ్ళూ దీని కింద నుంచి రొట్టె గంపలు మోసుకుంటూ పోయాను, తలెత్తలేదు."

దువీలియో కూడా తలెత్తాడు. అతనూ ఎప్పుడూ చూడలేదు. సిగ్గేసింది.

వంతెన దాటారు, తిరిగి దాటారు. విగ్రహాల చౌకులో రాతి మనుషుల చుట్టూ తిరిగారు. పెద్దవన్నీ బాగానే కనిపిస్తున్నాయని ఆవిడ సంతోషపడింది. పదకొండింటికి ఆకలేసింది. నోర్మా అతని చేయి పట్టుకుని నేరుగా మార్కెట్ అవతల ఉన్న ఇంకో బండి దగ్గరికి లాక్కెళ్ళింది. దువీలియో లాగానే వాళ్ళూ ఆవు నాలుగో పొట్ట ఉడికించి, తరిగి, బన్నులో పెట్టి అమ్ముతారు. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా ఆ బండికీ ఈ బండికీ ఉప్పూనిప్పూ.

"ఇక్కడా? నీకు మతిపోయిందా?"

"ముప్ఫై ఎనిమిదేళ్ళు నీ చేతిదే తిన్నాను. చచ్చేలోపు ఇంకోడి చేతిది ఒకసారి తినకూడదా?"

ఆ బండివాడు దువీలియోని చూసి గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. తర్వాత మంచి ముక్క ఏరి తరిగాడు. బన్ను పైభాగాన్ని ఉడుకురసంలో ముంచి, పచ్చడి రెండు చెంచాలు ఎక్కువే వేసి నోర్మా చేతికిచ్చాడు. ఆవిడ గడ్డమ్మట రసం కారుతుండగా కళ్ళు మూసుకుని తింది. దువీలియో రెండు కొరుకులు కొరికి, "సెలెరీ తక్కువేశాడు" అని గొణిగాడు.

"నీ దానికంటే బావుంది" అంది నోర్మా, బండివాడికి వినబడేలా.

అతను నవ్వాడు. దువీలియోకి కూడా నవ్వొచ్చింది. ఆ నవ్వు సగంలో మళ్ళీ ఆ ముఖం సంగతి గుర్తొచ్చి మిగతా బన్ను కాగితంలో చుట్టేశాడు.

ఏప్రిల్‌లో చెప్పింది మిలేనా. సాన్ ప్రొకోపియోలో గోడ బొమ్మలు బాగుచేసే నలుగురిలో పెద్దది. నలభై ఏళ్ళుంటాయి. చేతులకి సున్నంతోనే వచ్చి రోజూ అతని బండి దగ్గర తినేది. ఒక మధ్యాహ్నం నములుతూ అంది. "పెద్దాయనా, ఆ వడ్డించే ఆవిడ ఉందే, ఆ ముఖం పాతది కాదు. అసలు ముఖం ఎప్పుడో రాలిపోతే నూట యాభై ఏళ్ళ కింద ఎవడో కొత్తది అతికించి గీశాడు. ఆ రంగు కింది సున్నాన్ని తినేస్తోంది. జూన్‌లో తీసేయాలని తీర్మానించారు. చూడాలనుకునేవాళ్ళుంటే ఈలోపు వచ్చి చూడమనండి, పరంజా ఎక్కిస్తాను."

ఆ రాత్రే నోర్మాకి చెబుదామనుకున్నాడు. ఈస్టర్ జనం. ఈస్టర్ అయ్యాక చెబుదామనుకున్నాడు. మే నెలలో వీధుల్లో ఇసకేస్తే రాలనంత జనం, రోజుకి రెండు కుండలు ఖాళీ అయ్యేవి. ఇంటికెళ్ళేసరికి నడుం విరిగేది. ఒకసారి నోటిదాకా వచ్చింది. చెబితే రేపే వెళ్దామంటుంది, రేపు బండి మూయాలి, అందుకని మింగేశాడు. జూన్‌లో ఒకరోజు మిలేనా చేతులు కడుక్కుంటూ, "తీసేశాం" అంది. జూలైలో డాక్టరు ఆ మాట చెప్పాడు.

సెప్టెంబరులో మిలేనా కాళ్ళా వేళ్ళా పడ్డాడు. "రెండు కళ్ళు, ఒక ముక్కు, ఒక నోరు. ఎంతసేపు పడుతుంది నీకు? ఒక్క పూట. ఆ తర్వాత తుడిచెయ్యి."

"పోయినదాన్ని మేం ఊహించి గీయం, పెద్దాయనా. ఖాళీ ఖాళీగానే ఉండాలి. సన్నగా నిలువు గీతలు పెట్టి, కంటికి కొట్టకుండా చేస్తామంతే. నేనొక ముఖం గీస్తే అది మీ అత్తగారిదీ కాదు, ఆ చిత్రకారుడిదీ కాదు, నాది. ఆవిడకి నా ముఖం చూపించి మీ అమ్మంటారా?"

మధ్యాహ్నం భోజనానికి నది అవతల చిన్న హోటల్లో కూర్చున్నారు. సాన్ ప్రొకోపియోకి రెండు వీధుల ఇవతల. బల్ల మీద తెల్ల కాగితం, ఉప్పు లేని రొట్టె, గడ్డి చుట్టిన సీసాలో ఎర్ర ద్రాక్షసారా. నోర్మా తీరిగ్గా తెప్పించింది. ముందు టొమాటోలో ఉడికించి మెదిపిన రొట్టె, తర్వాత మిరియాల్లో పొద్దుట్నుంచీ ఉడికిన గొడ్డుమాంసం, నూనె పోసిన తెల్ల చిక్కుడుగింజలు. ఆవిడ గోడ వైపు చూస్తూ తింటోంది. పళ్ళెంలో ముక్క ఎక్కడుందో కనిపించాలంటే గోడ వైపే చూడాలి. వడ్డించే పిల్ల రెండుసార్లు వచ్చి, "బాగాలేదామ్మా? అటు చూస్తున్నారు" అని అడిగింది.

"చాలా బావుంది. నా చూపే అంత" అంది నోర్మా. ఆ పిల్ల వెళ్ళాక, "చూశావా? నేను పట్టించుకోవట్లేదనుకుంటారు. కూతురు కూడా మొన్న అదే అంది, అమ్మా నాతో మాట్లాడుతూ కిటికీ వైపు చూస్తావేం అని. ఎవర్ని బాగా చూడాలనుకుంటే వాళ్ళ మీంచి ముఖం తిప్పుకోవాలి. ఏం బతుకయ్యా ఇది!" అంది.

ఇప్పుడే చెప్పాలి అనుకున్నాడు దువీలియో. నోరు తెరిచాడు. వచ్చిన మాట వేరు.

"అలిసిపోయినట్టున్నావు. గుడికి రేపు..."

"రేపు అనే మాట ఇంకోసారి నీ నోట వచ్చిందంటే ఈ సీసా నీ నెత్తిన పగలగొడతాను."

నవ్వుతూనే అంది కానీ సీసా మెడ మీద చేయి వేసే అంది. చివర్న బాదం బిస్కట్లు తీపి సారాలో ముంచుకుని తింటూ, "తీపి ఆఖర్నే తినాలి. అమ్మని కూడా అందుకే ఆఖరికి ఉంచాను" అంది. దువీలియో తన బిస్కట్టుని గ్లాసులోనే వదిలేశాడు. అది నాని విరిగి అడుగుకి పోయింది.

బొమ్మల బాగుచేత చాలావరకు ముగిశాక గుడి మధ్యాహ్నాలు కూడా తెరుస్తున్నారు. నోర్మా తలుపు దగ్గర అతని చేయి వదిలేసింది. మెట్లెన్నో, స్తంభాలెన్నో ఆవిడ కాళ్ళకి తెలుసు. కుడివైపు మూడో స్తంభం దగ్గర ఆగింది. చిన్న మందిరం చీకటిగా ఉంది. కింద ముక్కాలిపీట మీద మిలేనా కూర్చుని, చిన్న చేతిదీపం వెలుగులో అంచు పట్టీకి ఏదో రంగు అద్దుతోంది. వీళ్ళని చూసి కుంచె పక్కన పెట్టి, చేతిదీపం ఆర్పి లేచి నిలబడింది.

"దీపం వెయ్యి" అంది నోర్మా.

గోడకున్న పెట్టెలో నాణెం వేస్తే రెండు నిమిషాలు దీపం వెలుగుతుంది. దువీలియో ఒకటి వేశాడు. నాణెం లోపల గలగలమంది. గోడ మొత్తం ఒక్కసారిగా వెలిగింది.

నోర్మా సూటిగా చూసింది. తర్వాత అలవాటు ప్రకారం తల కొంచెం ఎడమకి తిప్పింది. కుడికి తిప్పింది. గడ్డం ఎత్తి చూసింది. దువీలియో ఆవిడనే చూస్తున్నాడు, గోడని చూడ్డానికి అతనికి ధైర్యం లేదు.

"పెళ్ళికూతురుంది" అంది మెల్లగా. "ఆకుపచ్చ గౌను. బల్ల కింద కుక్క కూడా ఉంది, నేను మర్చిపోయాను దాన్ని. ఇవిగో అమ్మ చేతులు. పళ్ళెం. బొటనవేలు పళ్ళెం లోపలికి తగలకుండా పట్టుకుంది, చూడు." ఆగింది. మళ్ళీ ఎడమకి తిప్పింది, మళ్ళీ కుడికి. "ముఖం రావట్లేదు."

ఇంకో అడుగు ముందుకి వేసింది.

"పక్కచూపుకి కూడా రావట్లేదయ్యా. అంతా కనిపిస్తోంది, అదొక్కటే లేదు. అంటే పక్కచూపు కూడా పోతోందన్నమాట. క్రిస్మస్ దాకా అన్నాడు, అప్పుడే పోతోంది." చేత్తో స్తంభం పట్టుకుంది. "నేనే ఆలస్యం చేశాను. కాళ్ళున్నాయి, పది నిమిషాల దూరం, నేనే రాలేదు. ఇప్పుడొచ్చి ఏం లాభం?"

స్తంభానికి నుదురానించి ఏడ్చింది. ఇన్నేళ్ళలో కూతుర్ని కన్నప్పుడు కూడా దువీలియో ఆవిడ అలా ఏడవడం చూడలేదు.

అతను నోరు మెదపకుండా ఉంటే చాలు. అబద్ధం కూడా ఆడక్కర్లేదు. తప్పంతా ఆవిడ కళ్ళే మోసేస్తాయి. మిలేనా చెప్పదు, ఊళ్ళో ఇంకెవరికీ తెలియదు. ఇద్దరూ ఇంటికి పోతారు. ఏప్రిల్ సంగతి అతనితోనే మట్టిలో కలిసిపోతుంది. ఈ ఆలోచన అతనికి వచ్చింది, రాలేదని చెప్పడం అన్యాయం. మిలేనా అతని వైపే చూస్తోంది. దీపం టక్కున ఆరిపోయింది.

చీకట్లో దువీలియో అన్నాడు. "నీ కళ్ళు బాగానే ఉన్నాయి."

"ఊరుకో. ఓదార్చకు."

"ఓదార్చట్లేదు. అక్కడ ముఖం లేదు, నోర్మా. నాకూ కనిపించదు, ఎవరికీ కనిపించదు. తీసేశారు. జూన్‌లో తీసేశారు. తీస్తామని ఏప్రిల్‌లోనే నాకు చెప్పారు. చూడాలనుకుంటే తీసుకురమ్మని కూడా చెప్పారు. నేను నీకు చెప్పలేదు. బండి మూయాల్సొస్తుందని చెప్పలేదు."

ఎక్కడో పెద్ద తలుపు మూసుకుంది.

"ఏప్రిల్" అంది నోర్మా.

"ఏప్రిల్."

"అప్పటికి నాకు ముఖాలన్నీ కనిపించేవి. సూదిలో దారం ఎక్కించేదాన్ని."

"అవును."

"ఏప్రిల్ నుంచీ రోజూ నా పక్కనే పడుకున్నావు. పొద్దున్నించీ నా పక్కనే తిన్నావు. ఇందాక నేను ఏడుస్తుంటే చూస్తూ నిలబడ్డావు."

"నిలబడ్డాను."

"త్రాష్టుడివి" అంది. ఆ మాట గట్టిగా కూడా అనలేదు. అందుకే అది అతనికి లోపలిదాకా దిగింది.

మిలేనా దగ్గరికొచ్చింది. "అమ్మా, తీసేముందు మేం ఫోటో తీశాం. ఎంత పెద్దదైనా అచ్చు వేసిస్తాను, వెలుతురులో పెట్టుకుని చూడొచ్చు. నా సంచిలో ఉంది, చిన్నది."

సంచి తెరిచిన చప్పుడు వినిపించింది. ఇది దువీలియోకి తట్టనే లేదు. ఫోటో ఉందా అని మిలేనాని అడగాలని కూడా తోచలేదు, సిగ్గుతోనే సరిపోయింది.

"వద్దమ్మా" అంది నోర్మా.

"ఇక్కడే ఉంది, ఒక్కసారి..."

"వద్దు. మా అమ్మమ్మ చెప్పింది కాబట్టి అది మా అమ్మ. యాభై ఏళ్ళుగా నా తలలో ఒక ముఖం ఉంది. ఇప్పుడు నీ ఫోటో చూసి, ఆ ముక్కు వేరనీ నోరు వేరనీ తెలిసిందనుకో, అప్పుడు నాకు ఏది మిగులుతుంది? సంచిలోనే ఉండనీ." ముక్కు చీదుకుంది. "చేతులున్నాయిగా. ఆ చేతులు పాతవేనా?"

"ఐదొందల ఏళ్ళవి. వాటి మీద మేం చుక్క రంగు కూడా వేయలేదు."

"అయితే చాలు."

దువీలియోకి ఏం చేయాలో పాలుపోలేదు. చీకట్లో జేబు తడుముకుని ఇంకో నాణెం తీశాడు, పెట్టెలో వేశాడు. వెలుగొచ్చింది. నోర్మా కళ్ళు ఎర్రగా ఉన్నాయి. గోడ వైపు చూడలేదు.

"ఇలా రా" అంది. "దీపం కిందికి. టోపీ తియ్యి."

అతను టోపీ తీసి దీపం కింద నిలబడ్డాడు. చెంపదెబ్బ కొడుతుందేమోననుకున్నాడు, కొడితే బావుండునని కూడా అనుకున్నాడు. ఆవిడ రెండడుగులు దగ్గరికొచ్చింది. ఒక్క క్షణం అతని వైపు సూటిగా చూసి, ముఖం పక్కకి తిప్పేసుకుంది. స్తంభం వైపుకి, చీకట్లోకి.

నలభై ఏళ్ళ కాపురంలో ఆవిడ ఎంత కోపమొచ్చినా అతని ముఖం మీంచి ముఖం తిప్పుకున్నది లేదు. ఇక ఈ జన్మకి క్షమించదనుకున్నాడు. తల దించుకుని టోపీ పెట్టుకోబోయాడు.

"కదలకు" అంది నోర్మా, స్తంభం వైపు చూస్తూనే. "చూస్తున్నాను."

అప్పుడు అర్థమైంది అతనికి. చేతిలో టోపీ అలాగే ఉండిపోయింది. ముసలి ముఖం, రెండ్రోజుల గడ్డం, పెదవి మూల ఇంకా అంటుకున్న పచ్చడి. వాటన్నిటినీ ఆవిడ తీరిగ్గా చూస్తోంది, నుదుటి నుంచి గడ్డం దాకా, మళ్ళీ గడ్డం నుంచి నుదుటి దాకా. దీపం టక్కుమంది. అతని చేయి జేబులోకి పోయింది.

"కదలకన్నానా?"

మిలేనా తన జేబులోంచి నాణెం తీసి పెట్టెలో వేసింది.